సంబంధం చూసేటప్పుడు: పబ్లిక్ ఫొటోలతో సరిపెట్టుకోవాలా, ఫ్రెండ్ రిక్వెస్ట్ పంపాలా?

మేనకోడలికి సంబంధాలు చూడడం మొదలుపెట్టినప్పటి నుంచి మా ఇంట్లో ఇదే ప్రశ్న. బంధువులూ ఫోన్ చేసి ఇదే అడుగుతున్నారు. అబ్బాయి ఫేస్‌బుక్ దొరికింది, రిక్వెస్ట్ పెడదామా, కనిపించినంత చూసి ఊరుకుందామా?

పోయిన నెల మియాపూర్ సంబంధం వచ్చినప్పుడు మేం రిక్వెస్ట్ పంపలేదు. ఫేస్‌బుక్‌లో ఫ్రెండ్ అంటే రెండు వైపులా. వాళ్లు ఒప్పుకున్న క్షణం నుంచి మనం ఫ్రెండ్స్ కోసమే పెట్టుకున్నవన్నీ వాళ్లకీ కనిపిస్తాయి. మా అక్క ఖాతాలో పదేళ్ల ఫొటోలున్నాయి. పిల్ల ఓణీల ఫంక్షన్, కాలేజీ టూర్లు, నాన్నగారు ఆసుపత్రిలో ఉన్నప్పటివి కూడా. జాతకాలైనా చూడకముందే అవన్నీ కొత్తవాళ్ల చేతిలో పెట్టడానికి నాకు మనసొప్పలేదు. రేపు సంబంధం కుదరకపోతే ఎవరు ముందు అన్‌ఫ్రెండ్ చేయాలన్నది ఇంకో తలనొప్పి.

పబ్లిక్ ఫొటోలతో ఆ గొడవ లేదు. తేదీ పక్కన భూగోళం గుర్తుంటే ఎవరైనా చూడొచ్చు. ఎవరు చూశారో ఫొటో పెట్టినవాళ్లకు ఫేస్‌బుక్ చెప్పదు. స్టోరీలు మాత్రం తెరవకండి. అక్కడ, ఇన్‌స్టాలో కూడా, చూసినవాళ్లలో మీ పేరు కనిపించొచ్చు.

లోటు ఏమిటంటే, ఫొటో కనిపిస్తుంది కానీ దాని వెనక సంగతి కనిపించదు. ఆ అబ్బాయి ఒకమ్మాయి భుజం మీద చెయ్యేసి దిగిన ఫొటో చూసి అక్క రెండు రోజులు టెన్షన్ పడింది. సంబంధం వద్దనేదాకా వచ్చింది. అయినా నా ఓటు దీనికే, కాకపోతే చూసినదాన్ని బట్టి తీర్పు చెప్పకూడదు, అడగాలి.

ఫ్రెండ్స్ కానివాళ్లకు ఫొటోలు కనిపించకుండా ప్రొఫైల్ లాక్ చేసి ఉంటే ఏదో దాస్తున్నాడని అనుకోవద్దు. 2020లో మన దేశంలో ఆ సౌకర్యం వచ్చింది, మా చెల్లెలి ఖాతాకు నేనే పెట్టాను.

దొంగ ఐడీతో రిక్వెస్ట్ పంపడం తప్పు. లాక్ ఫొటోలు చూపిస్తామనే యాప్‌లకు పాస్‌వర్డ్ ఇవ్వకండి.

ఆ భుజం మీద చెయ్యి సంగతి అబ్బాయి నాన్నగారినే అడిగాను. పెద్దమ్మ కూతురట, వరసకు చెల్లెలు. ఆ సాయంత్రమే ఆ అమ్మాయి పెళ్లి ఫొటోలు వాట్సాప్‌లో పంపారు. అన్నింటిలోనూ కుర్రాడు వడ్డన చేస్తూనే ఉన్నాడు.