శుక్రవారం చంద్రగిరి ట్రిప్ అంటే డబ్బులు కట్టొద్దు

నెల్లూరు నుంచి తిరుపతి చుట్టుపక్కలకి వన్ డే ప్యాకేజీలు అమ్మే ఆయన గురించి. ఎవరో చెప్పక్కర్లేదు, రోజూ పొద్దున్నే వాట్సాప్ స్టేటస్‌లో కనపడతాడు గదా. కాళహస్తి, చంద్రగిరి రాజమహల్ మ్యూజియం, తిరుచానూరు, "ఎంట్రన్స్ టికెట్లతో కలిపి". తేదీ ఆయన పెట్టిందే. శుక్రవారం.

రాజమహల్ లోపలుండేది పురావస్తు శాఖ మ్యూజియం. ఆ శాఖ పాత కట్టడాల దగ్గర నడిపే మ్యూజియాలకి వారపు సెలవు శుక్రవారం. టూర్లు నడిపి బతికేవాడికి ఇది తెలీదంటే ఎట్టా నమ్మేది? నాయుడుపేట, కాళహస్తి, రేణిగుంట దాటుకుని అంత దూరం పోతే తలుపుకి తాళం. డ్రైవర్ ఫోన్ కలిపిచ్చాడు. అవతల నుంచి తాపీగా, "బయట నుంచి కనపడతా ఉంది గదా, ఫోటోలు దిగండి. లోపల ఏముంటాయి, రాళ్ళే గదా!"

రాళ్ళేనంట! మూడంతస్తుల మహల్ అది, విజయనగర రాజుల కాలంది. కొయ్య దూలం వాడకుండా ఇటుక, రాయి, సున్నంతో కమాన్ల మీద నిలబెట్టారు. ఆ కమాన్ల పనితనం లోపల నిలబడి తలెత్తితేనే తెలిసేది. రాయలవారు, ఇద్దరు దేవేరుల విగ్రహాల నమూనాలూ లోపలే. బయట గడ్డిలోంచి కనపడేది గోడ. గోడ చూడ్డానికి వ్యాన్ ఎందుకు, నెల్లూర్లో గోడల్లేవా?

ఇంకోటి. ఎంట్రన్స్ కింద తలకి వంద వేశాడు. అక్కడ టికెట్ 25 రూపాయలు, ఆన్‌లైన్లో 20. పదిహేనేళ్ళ లోపు పిల్లలకి టికెట్టే లేదు, ఈ మహానుభావుడు వాళ్ళకీ వంద వేశాడు. తలుపే తెరవలేదు, కొనని టికెట్ల డబ్బన్నా వెనక్కియ్యమంటే "అది ప్యాకేజీలో కలిసిపోయింది" అన్నాడు. ఎందులో కలిసిందో ఆ దేవుడికే తెలియాలి. మళ్ళీ చేస్తే నంబర్ బ్లాక్.

పొయ్యేవాళ్ళు తిరుపతి దాకా ఆర్టీసీలో పోండి, అక్కడ నుంచి చంద్రగిరికి బస్సులు, ఆటోలు దొరకతాయి. ముందు చంద్రగిరి చూసి, తర్వాత కాళహస్తి పెట్టుకోండి. రాహుకేతు పూజలో కూర్చుంటే ఎప్పుడు లేస్తారో చెప్పలేం, మ్యూజియం సాయంత్రం 5కి మూసేస్తారు. టికెట్ డబ్బు ఎవరి చేతికీ ముందు ఇవ్వొద్దు.

ఇప్పుడు ఆయన స్టేటస్‌లో హైదరాబాద్ ప్యాకేజీ నడస్తా ఉంది, గురువారం రాత్రి బస్సు, తెల్లారి చౌమహల్లా ప్యాలెస్, సాలార్‌జంగ్. ఆ రెండూ కూడా శుక్రవారమే సెలవు.