తలుపు పక్కన స్టీలు రేకు: కౌలు విమానాల్లో పదేళ్లు తిరిగాక

మా రాజమండ్రి విమానాశ్రయం మధురపూడి నుంచి ముంబైకి నేరుగా విమానం మొదలైన కొత్తలో, 2024 డిసెంబర్‌లో, నాన్నగారిని మొదటిసారి విమానం ఎక్కించాను. మెట్లెక్కి తలుపు దగ్గరికి రాగానే ఆయన ఆగిపోయారు. తలుపు చట్రానికి లోపలి వైపున అరచేతిలో సగం ఉండే స్టీలు రేకు ఒకటి బిగించి ఉంది. వెనకాల జనం నిలబడి ఉన్నా ఆయన దాని మీద వేలు పెట్టి, "ఏమని రాశార్రా?" అన్నారు. "ఈ విమానం వేరే దేశం కంపెనీదండి నాన్నగారూ, వీళ్లు కౌలుకి తీసుకుని నడుపుతున్నారు" అన్నాను. సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాక ఆయన అడిగిన మొదటి మాట, "కౌలు సక్రమంగా కట్టేస్తున్నారా?"

కడియపులంకలో మాది మొక్కల నర్సరీ. ఆర్డర్ల పని మీద పదేళ్లుగా నెలకి ఒకటి రెండుసార్లు హైదరాబాద్, అక్కణ్ణించి పై ఊళ్లు తిరుగుతున్నాను. రన్‌వే చిన్నదిగా ఉన్న రోజుల్లో రెక్కలకి పంకాలుండే చిన్న విమానాలే వచ్చేవి. 3,165 మీటర్లకి పొడిగించాకే ఎయిర్‌బస్ 320 మన ఊరికి వచ్చింది. ఏటీఆర్ అనే ఆ చిన్న విమానాల్లో వెనక తలుపు నుంచి ఎక్కిస్తారు కాబట్టి నాకు ఆ రేకు ఎప్పుడూ కనపడలేదు. హైదరాబాద్‌లో పెద్ద విమానాలు మారేటప్పుడు చూసి, చదివి, ఈ వ్యాపారం ఏమిటో తెలుసుకోవడం మొదలుపెట్టాను. అందుకే ఈ సమీక్ష ఏదో ఒక ఎయిర్‌లైన్ గురించి కాదు. మనం ఎక్కే విమానం అసలు ఎవరిది, దానివల్ల మనకి ఒరిగేదేమిటి, ఇప్పుడు ఎయిర్‌లైన్లే సొంతంగా లీజు కంపెనీలు ఎందుకు పెడుతున్నాయి అన్నదాని గురించి.

అద్దె బండి కదా, సరిగ్గా చూసుకుంటారా అని చాలామంది నన్ను అడిగారు. భద్రత విషయంలో ఆ భయం అక్కర్లేదు. మన దగ్గర పొలం కొనాలంటే లింకు డాక్యుమెంట్లు ఎలా అడుగుతామో, విమానం యజమాని కూడా అలాగే అడుగుతాడు. ఇంజన్ లోపల తిరిగే ముఖ్యమైన భాగాలకి, చక్రాల గేరుకి, అది తయారైన రోజు నుంచి ఎక్కడెక్కడ ఎన్నిసార్లు వాడారో కాగితం ఉండాలి. మధ్యలో ఒక్క కాగితం పోయినా ఆ భాగానికి విలువ పడిపోతుంది. అద్దె కాకుండా, చాలా ఒప్పందాల్లో ఎగిరిన ప్రతి గంటకీ ఇంత అని రిపేర్ల నిధి విడిగా కట్టించుకుంటారు. ఇంజన్ ఓవర్‌హాల్ అయ్యాక బిల్లు చూపిస్తే అందులోంచి ఇస్తారు. ఇంత కట్టుదిట్టం నేను మా నర్సరీ లారీల విషయంలో ఎప్పుడూ చూడలేదు.

తేడా కనిపించేది క్యాబిన్‌లో. సీటు గుడ్డ చిరగడం, ట్రే బల్ల వాలిపోవడం, రీడింగ్ లైటు వెలగకపోవడం. ఒకే ఎయిర్‌లైన్‌లో ఒక విమానం కొత్త పెళ్లికూతురిలా ఉంటే ఇంకోటి అలా ఉంటుంది. ఎందుకో మా నాన్నగారికి తెలుసు. కౌలు ఆఖరి ఏడాదిలో ఏ రైతూ పొలానికి పశువుల ఎరువు తోలడు. కొత్త విమానాన్ని మామూలుగా ఆరేళ్ల నుంచి పన్నెండేళ్లకి లీజుకి తీసుకుంటారు. ఒప్పందం ముగింపుకి వస్తున్న విమానంలో, తిరిగి అప్పగించడానికి ఎంత కావాలో అంతే ఖర్చు పెడతారని నాకు గట్టిగా అనిపించింది.

కౌలు కట్టడం గురించి నాన్నగారు ఊరికే అడగలేదు. 1996 నవంబర్ 6 తుపానుకి ముందు ముమ్మిడివరం దగ్గర ఆరెకరాలు కౌలుకి చేసేవారు. సార్వా చేతికొచ్చే వేళకి చేలన్నీ నీళ్లలో పడుకున్నాయి. పంట పోయినా కౌలు మాత్రం ఆగలేదు. విమానాల లీజు కూడా సరిగ్గా అంతే. విమానం ఎగిరినా ఎగరకపోయినా అద్దె కట్టాల్సిందేనని ఒప్పందంలోనే రాసుంటుంది, అదీ డాలర్లలో. 2020 మార్చి 25 నుంచి రెండు నెలలు దేశంలో ఒక్క ప్రయాణికుల విమానమూ మామూలుగా నడవలేదు, అద్దె లెక్క మాత్రం నడిచింది. రూపాయి విలువ తగ్గిన ప్రతిసారీ మన టికెట్ మీద భారం పడే దారుల్లో ఇదొకటి.

2023 మే నెలలో గో ఫస్ట్ ఎయిర్‌లైన్ దివాలా పిటిషన్ వేసినప్పుడు యజమానులు తమ విమానాలు తమకి ఇమ్మంటే మారటోరియం, అంటే దివాలా కేసు నడిచేటప్పుడు ఎవరూ ఏదీ వెనక్కి తీసుకోకూడదన్న నిషేధం, అడ్డొచ్చింది. యజమానులు తీసుకుపోవడానికి వీలుగా 54 విమానాల రిజిస్ట్రేషన్ రద్దు చేయమని ఢిల్లీ హైకోర్టు చెప్పేసరికి 2024 ఏప్రిల్ అయింది. దాదాపు ఏడాది అవి ఎవరికీ పనికిరాకుండా ఎండకి ఎండి, వానకి తడిశాయి. తన పొలంలోకి తానే దిగలేని ఆసామి మళ్లీ ఆ ఊళ్లో కౌలుకిస్తాడా? ఇచ్చినా ఎక్కువ అడుగుతాడు. అందుకే 2025లో పార్లమెంటు విమాన యజమానుల హక్కులకి ప్రత్యేక చట్టం చేసింది. నేను దాన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తాను.

ఇక ఎయిర్‌లైన్ల సొంత లీజు కంపెనీలు. ఈ ఆలోచన పాతదే. అప్పట్లో ఐర్లండ్ ప్రభుత్వ ఎయిర్‌లైన్ అయిన ఏర్ లింగస్‌లో పనిచేస్తూ ఖాళీగా ఉన్న బోయింగ్ 747ని థాయిలాండ్‌లోని ఎయిర్ సయామ్‌కి అద్దెకి కుదిర్చిన టోనీ రయాన్, అదే ఏర్ లింగస్ పెట్టుబడితో 1975లో గిన్నిస్ పీట్ ఏవియేషన్ అనే విమానాల లీజు కంపెనీ మొదలుపెట్టారు. ఈ వ్యాపారానికి ఐర్లండ్ పుట్టిల్లు అయింది అలాగే. మన దగ్గర ఎయిర్ ఇండియా 2023లో తన మొదటి ఎయిర్‌బస్ ఏ350ని గుజరాత్‌లోని ఆర్థిక సేవల కేంద్రం గిఫ్ట్ సిటీలో పెట్టిన సొంత అనుబంధ సంస్థ ద్వారా తెచ్చుకుంది. ఇండిగో కూడా అక్కడ అలాంటి సంస్థ పెట్టుకుంది. ఇంట్లోవాళ్ల పేరు మీద పొలం కొని, మనమే కౌలు కట్టుకుని చేసుకున్నట్టన్నమాట. అద్దె డబ్బు ఇల్లు దాటదు, గిఫ్ట్ సిటీలో పన్ను రాయితీలున్నాయి, బయటి ఆసామి లాభం మిగులుతుంది.

ప్రయాణికుడిగా నాకు ఇది నచ్చింది. తన విమానమే అనుకున్నవాడు ఆఖరి ఏడాది కూడా ఎరువు తోలతాడు, సీట్లు మారుస్తాడు. కానీ మొత్తం విమానాలన్నీ ఇలాగే పెట్టుకుంటే నాకు భయమే. బయటి యజమాని ఉంటే విమానం ధర పడిపోయిన నష్టం అతనిది. ఇక్కడ అది కూడా ఎయిర్‌లైన్ నెత్తినే పడుతుంది. మలేషియా ఎయిర్ ఏషియా 2014లో ఇలాంటి కంపెనీ పెట్టి, 2018లో బయటివాళ్లకి అమ్మేసింది. కొన్ని సొంతవి, కొన్ని కౌలువి ఉండటమే మంచిది. మా ఊళ్లో నిలదొక్కుకున్న రైతులందరూ అలా చేసినవాళ్లే.

నాకు నిజంగా కోపం తెప్పించింది సిబ్బందితో సహా తెచ్చే అద్దె. 2023లో ప్రాట్ అండ్ విట్నీ ఇంజన్ల లోహంలో లోపం బయటపడి చాలా విమానాలు నేల మీద ఆగిపోయాయి. ఆ లోటు పూడ్చడానికి కొన్ని సంస్థలు విదేశీ విమానాలని పైలట్లతో సహా తెచ్చాయి. ఆ పరిస్థితి నాకు అర్థమైంది. ఒకసారి హైదరాబాద్ నుంచి ఢిల్లీకి డబ్బు కట్టి ముందు వరస సీటు తీసుకున్నాను. తీరా చూస్తే తోక దగ్గర మన దేశం రిజిస్ట్రేషన్‌ని చెప్పే వీటీ అక్షరాలు లేని పాత విమానం వచ్చింది. వరసల అంకెలే వేరు, నా సీటు వెనక్కి పోయింది. పక్కన మోకాళ్ల నొప్పితో ఉన్న పెద్దావిడ రెండు గంటలు కాళ్లు ముడుచుకునే కూర్చున్నారు. సీటు డబ్బు వెనక్కి రావడానికి ఏడు మెయిళ్లు పెట్టాల్సి వచ్చింది. మాకు ఏ బండి వస్తుందో టికెట్ కొనేటప్పుడే చెప్పండి, మారితే మెసేజ్ పెట్టండి. అంతకు మించి అడగడం లేదు.

మాఘంలో నాన్నగారిని ఢిల్లీ తీసుకెళ్లాలి. బయల్దేరే రోజు పొద్దున్నే ఫోన్‌లో ఆ విమానం రిజిస్ట్రేషన్, వయసు చూసుకుని, ఆ తర్వాతే ఆయనకి సీటు తీసుకుంటాను.