తీరపు సొరలు: మైటోకాండ్రియా చూడాలా, స్నిప్‌లు చూడాలా?

ఒకే జాతి సొరచేపల్లో ఈ తీరం గుంపూ ఆ తీరం గుంపూ జన్యుపరంగా వేరా కాదా తేల్చాలంటే ఏ డీఎన్‌ఏ చూడాలని విద్యార్థులు పదేపదే అడుగుతున్నారు. డబ్బు ఒక్కదానికే సరిపోయేలా ఉంటే నా ఓటు మైటోకాండ్రియాకే, అంటే కణానికి శక్తినిచ్చే ఆ చిన్న భాగాల్లో విడిగా ఉండే డీఎన్‌ఏకే.

అది తల్లి నుంచే వస్తుంది కాబట్టి, ఆడవి ఎక్కడ పిల్లలు పెడుతున్నాయో దాని ద్వారా తెలుస్తుంది. బ్లాక్‌టిప్ సొరనే తీసుకోండి. అమెరికా అట్లాంటిక్ తీరంలో, గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో పిల్లలు పెరిగే చోట్ల నమూనాలు తీసి చూస్తే మైటోకాండ్రియాలో తేడా గట్టిగా కనబడింది, తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే కేంద్రక డీఎన్‌ఏలోని మైక్రోశాటిలైట్లలో (డీఎన్‌ఏ అక్షరాల చిన్న వరుస పదేపదే తిరిగొచ్చే చోట్లలో) మాత్రం బాగా తక్కువ. ఆడవి తమ ప్రాంతానికే తిరిగొస్తున్నాయి, మగవి తిరుగుతూ జన్యువులను కలిపేస్తున్నాయి అని పరిశోధకులు దీనికి అర్థం చెప్పారు. కేంద్రక డీఎన్‌ఏ ఒక్కటే చూసి అంతా ఒకే గుంపు అని రాసేస్తే, ఒకచోట ఆడవన్నీ వేటలో అయిపోయినా పక్క తీరం నుంచి వచ్చి నింపేస్తాయిలే అనుకుంటారు. ఆడవి లేనిచోట మగవి ఎన్ని వచ్చి ఏం లాభం? వేట పరిమితులు పెట్టేవాళ్లకు ముందు తెలియాల్సింది ఇదే.

చిక్కులూ ఉన్నాయి. సొరల మైటోకాండ్రియా డీఎన్‌ఏ క్షీరదాల కంటే ఏడెనిమిది రెట్లు నెమ్మదిగా మారుతుందని 1992లోనే తేలింది, అందుకని చిన్న ముక్క చదివితే అన్ని తీరాల్లోనూ ఒకే వరుస కనబడొచ్చు, వీలైతే మైటోకాండ్రియా జీనోమ్ మొత్తం చదివించండి. పైగా దాని ప్రభావ జనాభా (తర్వాతి తరానికి ఆ డీఎన్‌ఏను నిజంగా అందించేవాటి లెక్క) కేంద్రక డీఎన్‌ఏలో దాదాపు నాలుగో వంతే కాబట్టి యాదృచ్ఛికంగానే తేడాలు త్వరగా పేరుకుంటాయి, మగవాటి రాకపోకలకు ప్రతి తేడానూ రుజువుగా చూపకూడదు.

ఇక్కడే స్నిప్‌లు (SNP, డీఎన్‌ఏలో ఒక్క అక్షరం తేడా ఉండే చోట్లు) పనికొస్తాయి. జీనోమ్‌లో వేల చోట్ల ఒకేసారి చూస్తాం కనుక తక్కువ నమూనాలతోనే సన్నని తేడాలు కూడా దొరుకుతాయి. కణజాలం బాగుండాలి, పాడైన పాత రెక్కలతో కష్టం. రెండో పనికి డబ్బుంటే ఇదే చేయించండి.

మైక్రోశాటిలైట్లు తల్లీపిల్లల సంబంధం తేల్చడానికి ఇప్పటికీ బాగుంటాయి. బహామాస్‌లోని బిమినీలో పుట్టిన ఆడ లెమన్ సొరలు పెద్దయ్యాక అక్కడికే వచ్చి పిల్లలు పెట్టాయని 2014లో చూపింది వాటితోనే. కొత్తగా జనాభాలను పోల్చడానికైతే అక్కర్లేదు.

ఏది ఎంచుకున్నా నమూనాలు మాత్రం అప్పుడే పుట్టిన పిల్లల నుంచి, అవి పెరిగే చోటే తీయండి. బయట సముద్రంలో దొరికిన పెద్దవి ఏ తీరంవో తెలియదు, వాటిని కలిపేస్తే ఉన్న తేడా కూడా చెరిగిపోతుంది.