కస్టమ్ ఫాంట్ అని డబ్బు తీసుకుని ఉచిత ఫాంట్ అంటగట్టారు, జాగ్రత్త

నాటకాల పోస్టర్లకి ఫాంట్లు చేసిస్తానని తిరుగుతున్నారే, ఆ సెల్లర్ గురించే. పేరు రాయను, శాంపిల్స్ చూస్తే మీకే తెలిసిపోతుంది. నిన్న రాత్రే విషయం బయటపడింది, కోపం ఇంకా తగ్గలేదు.

మా నాటకం టైటిల్‌కి పాత పోస్టర్లలోలాగా పెద్దగా, సరదాగా ఉండే తెలుగు ఫాంట్ అడిగాం. అన్నీ వృత్తాలు, త్రిభుజాలు, అర్ధచంద్రాలు. సున్నా నిండు వృత్తం, తలకట్టు త్రిభుజం. ఆయన పంపిన శాంపిల్ బొమ్మ చూసి మురిసిపోయి మొత్తం డబ్బు ముందే కట్టేశాను. ఫైల్ చూడకుండా బొమ్మని నమ్మడం నా తప్పే, ఒప్పుకుంటాను.

ఫైల్ రాగానే ‘స్త్రీ’ అని టైప్ చేశాను. పైన ‘స’ బొద్దుగా, గుండ్రంగా గంతులేస్తోంది. కింద ఒత్తులేమో సన్నగా, మామూలు పుస్తకం అక్షరాల్లా ఉన్నాయి. ‘క్ష’ కూడా అంతే. శాంపిల్‌లో ఉన్న పది పన్నెండు అక్షరాలు తప్ప మిగతావి ముట్టుకోనే లేదు. ఆ మార్చినవైనా సరిగ్గా గీశారా? గుండ్రటి అక్షరాన్ని చదరపు అక్షరంతో సమానమైన ఎత్తులో పెడితే కంటికి చిన్నగా కనబడుతుంది, అందుకే గుండ్రటి అక్షరాన్ని ఆ ఎత్తు గీత కాస్త దాటించి గీస్తారు. అది కూడా చేయలేదు.

అనుమానమొచ్చి ఫైల్‌ని ఫాంట్‌ఫోర్జ్‌లో తెరిచాను, ఫాంట్లు తయారుచేసే, మార్చే సాఫ్ట్‌వేర్ అది. కాపీరైట్ దగ్గర వేరే డిజైనర్ పేరు! కింద ఎస్‌ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్స్. ఆ లైసెన్స్ ప్రకారం ఫాంట్‌ని ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. కానీ ఫాంట్‌ని విడిగా అమ్మకూడదు, మార్చినదాన్ని కూడా అదే లైసెన్స్ కింద ఇవ్వాలి. ఈయన మాత్రం ‘పూర్తి హక్కులు మీవే’ అని రాసిచ్చారు. తనవి కాని హక్కులు మాకెలా ఇస్తారు? ఎవరో రోజుల తరబడి కూర్చుని గీసి అందరికీ ఉచితంగా ఇచ్చిన అక్షరాలవి.

వెంటనే ఫోన్ చేశాను. తడబడతారేమో, కనీసం సారీ చెబుతారేమో అనుకున్నాను. "పోస్టర్ మీద ఒత్తులు ఎవరు చూస్తారండీ? మీరు నాటకం సంగతి చూసుకోండి" అని పెట్టేశారు.

ఒక్క ఒత్తు పలకడం తప్పితే సీను మళ్లీ మొదటినుంచి చేయించే మనుషులం మేము. మాతో అనే మాటేనా అది? డబ్బు పోయినందుకన్నా ఆ మాటకే రాత్రంతా నిద్ర పట్టలేదు. డిజిటల్ ఫైల్‌కి రిఫండ్ ఉండదట, అది మెసేజ్‌లో చెప్పారు. టైటిల్ ఇప్పుడు మేమే చేత్తో గీసుకుంటున్నాం.

మీరెవరైనా ఫాంట్ చేయించుకుంటుంటే డబ్బు కట్టేముందు ట్రయల్ ఫైల్ అడగండి. స్త్రీ, క్ష, జ్ఞ మీరే టైప్ చేసి చూడండి. ఫాంట్‌ఫోర్జ్ ఉచితమే. అందులో ఎలిమెంట్ మెనూ, ఫాంట్ ఇన్ఫో, టీటీఎఫ్ నేమ్స్. అక్కడ ఎవరి పేరుందో చదివాకే డబ్బు పంపండి.