వర్చువల్ ఆంప్‌లతో కొన్నేళ్లు: అసలు టోన్ ఎక్కడ తయారవుతుంది

గిటార్, బేస్ రెండూ చాలాకాలంగా ఆంప్ సిమ్‌లతోనే, అంటే ఆంప్లిఫయర్‌ని అనుకరించే ప్లగిన్ సాఫ్ట్‌వేర్‌తోనే, రికార్డు చేస్తున్నాక తేలిందొకటే: ఏ ప్లగిన్ అన్నది తర్వాతి మాట. దానిలోకి ఎంత లెవెల్ వెళ్తోంది, దాని వెనక ఏ క్యాబ్ (స్పీకర్ పెట్టె) ఉంది, టోన్ అంతా అక్కడే. ఆ రెండూ కుదిరితే ఉచితంగా దొరికే న్యూరల్ ఆంప్ మోడలర్ కూడా ఖరీదైనవాటికి ఏమీ తీసిపోదు.

గిటార్‌ని ఇంటర్‌ఫేస్‌లో (గిటార్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్‌కే పెట్టండి. దాని ఇంపీడెన్స్ సుమారు 1 మెగాఓమ్. లైన్ ఇన్‌పుట్ 10 కిలోఓమ్‌ల చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి పాసివ్ పికప్ మీద లోడ్ పడి హైస్ (పై ఫ్రీక్వెన్సీలు) చచ్చిపోతాయి, ట్రెబుల్ ఎంత తిప్పినా తిరిగి రావు. క్లీన్ ప్రీసెట్ కూడా గరగరమంటోందంటే లెవెల్ ఎక్కువైనట్టే. ఇంటర్‌ఫేస్ గెయిన్ కనిష్ఠంలో పెట్టి లెక్క చూసుకోవాలి: ఇంటర్‌ఫేస్ గరిష్ఠ ఇన్‌పుట్ 12 డీబీయూ (బయటి సిగ్నల్ వోల్టేజి కొలత), ప్లగిన్ 0 డీబీఎఫ్‌ఎస్‌ని (డిజిటల్‌లో గరిష్ఠ లెవెల్) 18 డీబీయూ అనుకుంటోంది అనుకుందాం. అప్పుడు ప్లగిన్ ఇన్‌పుట్ 6 డీబీ తగ్గించాలి. ఈ అంకెలు మాన్యువల్స్‌లో దొరుకుతాయి, చదివేవాళ్లే తక్కువ.

క్యాబ్ లేకపోతే డిస్టార్షన్ కందిరీగ మోతలా ఉంటుంది. గిటార్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటాక బాగా పడిపోతుంది, ఆ పని ఇక్కడ ఐఆర్ (ఇంపల్స్ రెస్పాన్స్, అసలు క్యాబ్ ధ్వని స్వభావాన్ని పట్టిన చిన్న ఆడియో ఫైల్) చేస్తుంది. వేరే ఐఆర్ లోడర్ పెట్టినప్పుడు ప్లగిన్ లోపలి క్యాబ్ ఆపడం మర్చిపోతే రెండు క్యాబ్‌లు ఒకదాని మీద ఒకటి పడి దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది.

వాయించేటప్పుడు బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో తీసుకునే ఆడియో) 64 లేదా 128 శాంపిల్స్. 48 కిలోహెర్ట్జ్‌లో 128 శాంపిల్స్ అంటే ఒకవైపుకే 2.7 మిల్లీసెకన్లు, కన్వర్టర్, డ్రైవర్ ఆలస్యం అదనం. మిక్స్‌లో 1024 పెట్టుకోవచ్చు. డైరెక్ట్ మానిటర్ (ఇంటర్‌ఫేస్ నుంచి నేరుగా వినిపించేది) ఆపేయండి, లేకుంటే డ్రై గిటార్ కూడా కలిసి వినిపిస్తుంది. ఓవర్‌శాంప్లింగ్ (ప్లగిన్ లోపల ఎక్కువ శాంపిల్ రేటుతో లెక్కకట్టడం) మామూలుగా రెండర్‌కి, అంటే ఆఖరి ఫైల్ తీసేటప్పుడు, చాలు. హై గెయిన్‌లో పైనోట్లు బెండ్ చేస్తుంటే వెనక వేరే స్వరాలు కిందికి జారుతున్నాయంటే అది ఎలియాసింగ్, అప్పుడు మాత్రం వాడాల్సిందే.

బేస్‌కి ఒక్క ఆంప్‌తో పని జరగదు. కింది E తీగ 41 హెర్ట్జ్, దాన్ని డిస్టార్షన్‌లోకి పంపితే అడుగు (లోతైన ధ్వని) కదిలిపోతుంది. డీఐ ట్రాక్‌ని (ఆంప్ లేకుండా నేరుగా రికార్డు చేసింది) రెండుగా చేసి, ఒకదాన్ని 250 హెర్ట్జ్ దగ్గర లో పాస్ చేసి (దానికి కిందివే ఉంచి) గట్టిగా కంప్రెస్ చేయాలి. రెండోదాన్ని అక్కడే హై పాస్ చేసి (పైవే ఉంచి) ఆంప్‌లోకి పంపాలి. చిక్కల్లా ఫేజ్‌తో, అంటే రెండు ట్రాకుల తరంగాలూ ఒకేసారి లేచి పడడంతో. ప్లగిన్ ఆలస్యాన్ని సాఫ్ట్‌వేర్ సరిచేస్తుంది గాని, ఐఆర్ మొదట్లో ఉన్న నిశ్శబ్దం దానికి తెలియదు. 2 మిల్లీసెకన్లు జారినా 250 హెర్ట్జ్ దగ్గర రెండు ట్రాకులూ ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. వేవ్‌ఫామ్ దగ్గరగా చూసి జరపండి, పోలారిటీ తిప్పి (తరంగాన్ని తలకిందులు చేసి) ఏ వైపు అడుగు నిండుగా ఉందో వినండి.

హెడ్‌ఫోన్స్‌లో మాత్రం ఫీడ్‌బ్యాక్ రాదు, తీగల్ని కదిలించే స్పీకర్ గాలి అక్కడ లేదు కదా. ఆ ఒక్క నోటు కోసం మానిటర్ల ఎదురుగా గిటార్ పట్టుకుని నిలబడాల్సిందే.