కడప గాలి లెక్క: ఏ శాటిలైట్ మేలు?

మధ్యాహ్నం ఒకటిన్నర. కడప ఎండకు కుక్కలు కూడా లారీల కింద దూరే వేళ. దాదాపు అదే టైముకు యూరప్ వాళ్ల శాటిలైట్ సెంటినెల్-5పీ మన మీదుగా పోతుంది. 2017 అక్టోబరులో పంపారు. ఒక్క చుట్టులో 2,600 కిలోమీటర్ల వెడల్పు చూస్తుంది కాబట్టి భూమి మొత్తాన్నీ రోజుకోసారి చుట్టబెట్టేస్తుంది. నేలను తాకి పైకి తిరిగిపోయే ఎండలో, కంటికి కనబడని కిరణాలను మీథేన్ (భూమిని వేడెక్కించే వాయువు) ఎంత మింగిందో చూసి లెక్క కడుతుంది. డేటా ఉచితం.

చిక్కంతా దాని చిత్రంలోని చుక్కలో (పిక్సెల్) ఉంది. ఒక్కో చుక్క సుమారు 7 కిలోమీటర్ల పొడవు, 5.5 వెడల్పు. డంపింగ్ యార్డు, వరిమళ్లు, ఎనుముల కొట్టాలు, సగం ఊరు, అన్నీ కలిపి ఒకటే అంకె. ఎవరి వాటా ఎంతో తేలదు.

కెనడా కంపెనీ జీహెచ్‌జీశాట్ దీనికి తలకిందులు. ఒకసారికి చూసేది పన్నెండు కిలోమీటర్ల ముక్కే. కానీ 25 మీటర్ల దాకా విడదీస్తుంది. మొన్న యార్డు పక్కగా పోతూ ముక్కు మూసుకుని చూశాను. అందరి కళ్లూ పొగ లేచే మూల మీదే. మీథేన్ పుట్టేది మాత్రం గాలాడక లోలోపల కుళ్లే చెత్తలో, పైకి ఏమీ కనబడని చోట. ఆ చోటు పట్టాలంటే నేనైతే డబ్బు కట్టయినా దీన్నే అడుగుతాను.

వరిమళ్ల మీథేన్‌కైతే రెండూ దండగే. సుంకేసుల నీళ్లు కేసీ కెనాల్లోకి వచ్చి మళ్లు నిండేది వానాకాలంలో. మబ్బు పడితే రెండూ గుడ్డివే. అక్కడ పాత పద్ధతే మేలు: వరి కుదుళ్ల మీద పెట్టె బోర్లించి, కాసేపటికోసారి సిరంజితో గాలి లాగి ల్యాబుకు పంపడం. బురదలో దిగి చేసే చాకిరీ, నిజమే.

ఇక ఆర్టీపీపీ (బొగ్గుతో నడిచే రాయలసీమ థర్మల్ కరెంటు కేంద్రం), ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల కార్బన్ డయాక్సైడ్. దాన్ని కొలిచే నాసా శాటిలైట్ ఓసీవో-2 2014 నుంచి పైనే ఉంది. చూసేది పది కిలోమీటర్ల సన్నటి చార, మళ్లీ అదే దారికి 16 రోజులు. ఆ చార మన చిమ్నీ దగ్గర పడాలి, ఆ రోజు మబ్బుండకూడదు. అంతకన్నా కాలిన బొగ్గు లెక్క చూడటం సులువు. సిమెంటుకైతే సున్నపురాయి లెక్క కూడా కావాలి, సగానికి పైగా వచ్చేది రాయి నుంచే. రిజిస్టరు రాసేది ఫ్యాక్టరీ వాళ్లేగా అంటారా? అందుకే ఆ చార ఎప్పుడైనా దగ్గర్లో పడితే, ఆ రోజు రిజిస్టరు పేజీ తీసి పక్కన పెట్టి చూడాలి.