ముక్కు చక్రం: పెడల్‌కి కట్టేయాలా, దాని మానాన వదిలేయాలా?

చిన్న విమానం కొనాలనుకునేవాళ్లు ఇంజిన్ గురించి, గ్లాస్ కాక్‌పిట్ (ముళ్ల మీటర్ల బదులు తెరలు) గురించి గంటలు గంటలు మాట్లాడుకుంటారు. ముక్కు కింద ఉన్న చిన్న చక్రం సంగతి మాత్రం అది విరిగాక, రిపేర్ బిల్లు వచ్చాకే గుర్తొస్తుంది.

సింగిల్ ఇంజిన్ విమానాల్లో ఈ చక్రాన్ని తిప్పే పద్ధతులు ముఖ్యంగా రెండు. రడ్డర్ (తోక మీది నిలువు పలక) తిప్పే కాలి పెడల్స్‌తో కలిపి కట్టేది ఒకటి. సెస్నా 172, పైపర్ పీఏ-28 ఈ జాతివి. రెండోది క్యాస్టరింగ్. అంటే షాపింగ్ ట్రాలీ చక్రంలా ఎటు తోస్తే అటు తిరిగేది. సిరస్ ఎస్ఆర్20, డైమండ్ డీఏ40, పాత గ్రమ్మన్ ఏఏ-5 ఇలాంటివి. వీటిలో నెమ్మదిగా పోతున్నప్పుడు మలుపు కావాలంటే ఒక పక్క బ్రేక్ నొక్కాలి.

కట్టేసినవి కూడా రెండూ ఒకటి కాదు. పైపర్‌లో పెడల్‌కీ చక్రానికీ మధ్య నేరుగా రాడ్లు ఉంటాయి. కాలు కదిలితే చక్రం కదులుతుంది. ట్యాక్సీ చేస్తుంటే, అంటే నేల మీద నడుపుతుంటే, చేతిలో పెట్టుకున్నట్టు ఉంటుంది. చిక్కంతా అడ్డగాలిలో దిగేటప్పుడే. గాలి వచ్చే వైపుకి అవతలి పక్క రడ్డర్ నొక్కి పట్టి దిగితే, ముక్కు దించే క్షణానికి చక్రం కూడా అటే తిరిగి ఉంటుంది. ఆ క్షణంలో పెడల్ మధ్యకు తేకపోతే విమానం ఒక్కసారిగా పక్కకు లాగుతుంది. సెస్నా వాళ్లు మధ్యలో స్ప్రింగ్ పెట్టారు. గాల్లో ఉండగా స్ట్రట్ (చక్రం పైన దెబ్బ తీసుకునే కాలు) పూర్తిగా సాగి, చక్రం తిన్నగా ముందుకు లాక్ అవుతుంది. నేల తాకి బరువు పడ్డాకే పెడల్ మాట వింటుంది, అదీ మెత్తగా. పెడల్‌తో దాదాపు 10 డిగ్రీలే తిరుగుతుంది, బ్రేక్ తోడైతే 30 వరకూ వస్తుంది. ఇరుకు పార్కింగ్‌లో విసుగే, కానీ నేర్చుకునే కాళ్లకు ఈ మెత్తదనమే రక్ష.

172కి అసలు బలహీనత వేరే చోట ఉంది. ముక్కు స్ట్రట్ ఇంజిన్ వెనకున్న ఫైర్‌వాల్ అనే రేకు గోడ కింది భాగానికి బిగించి ఉంటుంది. విద్యార్థి దిగేటప్పుడు ఎగిరిపడి, కంగారులో ముక్కు ముందుకు తోసి దించాడంటే ఆ దెబ్బ నేరుగా ఆ రేకుకే. మడత పడిన ఫైర్‌వాల్ బాగుచేయడం అంటే చిన్న పని కాదు. ప్రొపెల్లర్ కూడా నేలకు తగిలితే ఇంజిన్ విప్పాల్సిందే. వాడిన 172 కొనేవాళ్లు టార్చి పట్టుకుని కింద పడుకుని ఆ రేకులో ముడతలు, కొత్త రివెట్లు ఉన్నాయేమో చూడాలి. లాగ్‌బుక్ దాచినా రేకు దాచదు.

క్యాస్టరింగ్‌లో రాడ్లూ లేవు, స్ప్రింగ్‌లూ లేవు, అరిగేవి తక్కువ. డీఏ40లో ముక్కు సస్పెన్షన్‌కి నూనె, గాలి కూడా అక్కర్లేదు, రబ్బరు లాంటి దిమ్మలే దెబ్బ తీసుకుంటాయి. 172లో అయితే సీల్ కారి స్ట్రట్ కూర్చుండిపోతే ప్రొపెల్లర్‌కీ నేలకీ మధ్య ఖాళీ తగ్గిపోతుంది. క్యాస్టరింగ్ విమానం ఒక్క బ్రేక్ మీద గిర్రున తిరుగుతుంది కూడా.

మరి భారం ఎవరి మీద పడింది? బ్రేకుల మీద. అడ్డగాలిలో పొడుగ్గా ట్యాక్సీ చేస్తుంటే ఒక పక్క బ్రేక్ పదే పదే తొక్కాలి. ఇంజిన్ వేగం (ఆర్‌పీఎం) ఎక్కువ పెట్టి బ్రేక్‌తో ఆపుతూ పోయే అలవాటు తోడైతే బ్రేకులు కాగిపోతాయి. సిరస్‌లలో ఇలా మంటలు లేచిన సందర్భాలు ఉన్నాయి. ఇంకో తలనొప్పి, ఒక పక్క బ్రేక్ ఫెయిలైతే రడ్డర్ పనిచేయని నెమ్మది వేగంలో విమానం మన మాట వినదు. 172లో అప్పుడు కూడా పెడల్ ఉంటుంది.

చక్రం గడగడ వణకడం (షిమ్మీ) రెండింటికీ ఉంది. సెస్నాలో షిమ్మీ డ్యాంపర్ అనే చిన్న సిలిండర్ దాన్ని ఆపుతుంది. అది బలహీనపడితే దిగాక పెడల్స్, ప్యానెల్ అన్నీ గడగడలాడతాయి. క్యాస్టరింగ్‌లో బిగువుగా పేర్చిన వాషర్ల రాపిడే డ్యాంపర్. చక్రాన్ని పట్టుకునే ఫోర్క్‌కి స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగి, ఎంత బలానికి కదులుతుందో చూస్తారు. ఈ పరీక్ష మానేసి టైరును తిట్టేవాళ్లు ఎక్కువ.

ఇంట్లో కట్టుకునే వ్యాన్స్ ఆర్‌వీ-6ఏ, 7ఏలది మూడో దారి: సన్నటి స్ప్రింగ్ స్టీల్ కాలు, చివర క్యాస్టరింగ్ చక్రం. తేలిక, గాలికి అడ్డు తక్కువ. కానీ గుంతల గడ్డి స్ట్రిప్‌లో (గడ్డి రన్‌వేలో) ఫోర్క్ నేలకు తగిలితే కాలు వెనక్కి మడుచుకుపోయి విమానం బోర్లా పడిన ఉదాహరణలు ఉన్నాయి. తర్వాత ఫోర్క్ మార్చి నేలకు దూరం పెంచారు.

ఫ్లయింగ్ స్కూల్‌కి అయితే నా ఓటు 172కే. ఫైర్‌వాల్ ఖర్చు తెలిసే చెబుతున్నా, విద్యార్థి కాళ్ల తప్పుల్ని అది ఓర్చుకున్నంతగా మిగతావి ఓర్చుకోవు. ఉత్తరప్రదేశ్‌ ఫుర్సత్‌గంజ్‌లోని ప్రభుత్వ ఫ్లయింగ్ అకాడమీ ఇగ్రువాలో డీఏ40 మీద కూడా శిక్షణ ఇస్తున్నారు కదా అంటే, నిజమే. అక్కడ మొదటి రోజు నుంచే బ్రేక్ క్రమశిక్షణ నేర్పాలి. సొంతంగా కొనుక్కుని మంచి తారు రన్‌వేల మధ్య తిరిగేవాళ్లకు డీఏ40 లాంటి క్యాస్టరింగే మేలు. గడ్డి స్ట్రిప్‌లే ఎక్కువైతే ఆర్‌వీలో తోకచక్రం రకం తీసుకోండి, లేదా పెద్ద చక్రాలు వేసిన సెస్నా చూసుకోండి.